ఎడమచేతి అణువు

ఆ ఉదయం ఆమె అనుకున్నది చాలా చిన్న పని. ఇంటి ఫ్రిజ్‌లోంచి ఎంజైము గొట్టం తీసుకుని ల్యాబుకు వెళ్లాలి, దాన్ని నీలం దీపం కింద పెట్టాలి. మన రెండు చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటి జంట అణువుల్లో, కుడిచేతిదాన్ని మాత్రమే తయారుచేసి సాయంత్రానికి ల్యాబు నడిపే పెద్దాయనకు చూపించాలి. రాకపోతే ఈ పరిశోధన మూసేద్దామని ఆయన ముందే చెప్పాడు.

ల్యాబులో ఫ్రిజ్ పాడవడంతో ఆమె రెండు గొట్టాలు ఇంటికి తెచ్చుకుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పైన సిరాతో రాసిన గుర్తులే తేడా. ఒకటి మంచిది. రెండోది తయారీలో పొరపాటు జరిగి, పారేయడానికి పక్కన పెట్టింది.

ఆమె స్నానం చేస్తుండగా, గొట్టాలు తుడిచిపెట్టానని భర్త తలుపవతలి నుంచి చెప్పాడు. సింకు కింది నీటి గొట్టాలనుకుని ఆమె మురిసిపోయింది. "మంచి పని చేశారండీ," అంది. ఆ మెచ్చుకోలుతో అతనికి ఉత్సాహం వచ్చింది. తడిగుడ్డకు చెరిగిపోయిన గుర్తులను తనకు గుర్తున్నంతలో మళ్లీ రాశాడు. గుర్తున్నది తారుమారుగా.

ల్యాబు గదిలో నీలం వెలుగు నీళ్లలా పరుచుకుంది. వెలుగు తగిలినప్పుడల్లా సీసాలో రాడికల్స్ పుడతాయి. రెప్పపాటైనా నిలవని, ఏ వైపుకైనా తిరిగిపోయే తుంటరి ముక్కలవి. వదిలేస్తే కుడీ ఎడమా సగం సగం తయారవుతాయి. ఎంజైము వాటిని తన గూట్లోకి తీసుకుని ఒక్క వైపుకే తిప్పుతుంది. ఆ గూట్లో తానే ఒదిగి కూర్చున్నట్టు ఊహించుకుంటూ ఆమె భోజనం సంగతే మరిచిపోయింది. అక్కడ అందరూ ఆమెను కలలమ్మ అనేది ఇందుకే.

తీరా ఏ చేతి అణువు వచ్చిందో చూపించే యంత్రం గీసిన గీతలో శిఖరం ఒక్కటే ఉంది గానీ, ఉండాల్సిన చోట లేదు. యంత్రం చెడిందనుకుని ఆమె మెకానిక్‌ను పిలిచింది. అతను అంతా విప్పి చూసి, యంత్రం బాగానే ఉండేదని, ఇప్పుడు విప్పేయడం వల్ల రేపటిదాకా నడవదని చెప్పాడు. కలలమ్మ యంత్రం పాడుచేసిందన్న మాట పెద్దాయన దాకా పాకింది.

అప్పుడే భర్త ఫోన్ చేశాడు.

"గుర్తులు సరిగ్గానే రాశాను కదా?"

"ఏ గుర్తులు?"

"గొట్టాల మీదవి. పొద్దున తుడిచానని చెప్పాగా."

ఆమె ఫోన్ పెట్టేసి, గీత ఉన్న కాగితం తీసుకుంది. నేరుగా పెద్దాయన గదికి వెళ్లి ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి, గీతను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అయితే పారేయాల్సిన ఎంజైము ఇలా చేసిందా?"

"అవునండీ. అచ్చంగా ఎడమచేతిదే వచ్చింది."

"కుడిచేతిదాన్ని ఎలాగోలా చేసుకోవచ్చమ్మా. ఎడమచేతిది ఇంత శుభ్రంగా మనలో ఎవరికీ రాలేదు. మూసే మాట మరిచిపో."

ఇంటికి నడిచి వస్తుంటే వీధి దీపాలు కూడా ఆమెకు నీలంగానే కనిపించాయి. జరిగిందంతా భర్తకు చెప్పింది. పరిశోధన వ్యాసంలో తన పేరు ఎన్నోదిగా వేస్తారని అతను అడిగాడు.