నీలం స్వెటర్ కోసం ఏడు చుట్లు

బుధవారం ఉదయం వాళ్ళు పెట్టుకున్న పని చిన్నదే. ముందుగదికి రెండు కర్టెన్లు కొనుక్కుని, భోజనం వేళకి ఇల్లు చేరాలి. కిటికీ కొలతలు ఆవిడ కాగితం మీద రాసుకుంది. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఏ కొట్టుకని అడిగాడు. "ట్రాక్ మాల్‌కి" అంది ఆవిడ, ఆయన మొహం చూడకుండా. బొత్తాం మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

వీధిలో అందరూ ఆయన్ని సైకిలాయన అంటారు. ముప్ఫై ఏళ్ళు నీటి మీటర్లు బాగుచేసి రిటైరైన మనిషికి ఆ పేరు అంతకుముందు తొమ్మిదేళ్ళ వల్ల వచ్చింది. అప్పట్లో ఊళ్ళో సైకిల్ పందేల కోసమే కట్టిన పెద్ద స్టేడియం ఉండేది. కోడిగుడ్డు ఆకారంలో చెక్కలు పరిచిన ట్రాక్, రెండు కొసల్లోని మలుపుల దగ్గర గోడలా పైకి లేచేది. ఆ గోడ మీంచి జారి పడకూడదంటే వేగంగా తొక్కడమొక్కటే దారి. ఆయన తొమ్మిదేళ్ళపాటు అలా తొక్కాడు. పదకొండేళ్ళ క్రితం చూసే జనం తగ్గిపోయి స్టేడియం మూతపడింది. దాన్ని షాపింగ్ మాల్ చేసినవాళ్ళు చెక్క ట్రాక్‌ని మాత్రం పీకకుండా నునుపుచేసి అందానికి ఉంచారు. కుర్చీల వరసలు పోయి కొట్లు వచ్చాయి. ఆయన అటు మొహం పెట్టలేదు. తానెక్కిన బస్సు ఆ దారిన పోతుందని తెలిస్తే ముందు స్టాపులోనే దిగి నడిచేవాడు.

కర్టెన్లు ఇంకెక్కడా దొరకవా అని అడిగితే, ఈ కొలతవి అక్కడే ఉంటాయట అంది ఆవిడ. ఎవరన్నారో చెప్పలేదు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఎప్పుడు ప్రశ్న ఆపాలో ఆయనకి తెలిసొచ్చింది. తన ఫోను ఆవిడ సంచిలో పడేసి, వెనకాలే బయలుదేరాడు.

లోపలికి అడుగుపెట్టగానే ఆయన ఆగిపోయాడు. పైకప్పు ఇనపదూలాలు అలాగే ఉన్నాయి. మలుపు కూడా అలాగే ఉంది, కాకపోతే దాని కింద చెప్పుల కొట్టు. దగ్గరికి వెళ్ళి ఒక చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. చెక్క చల్లగా ఉంది. నువ్వు పద, రెండు నిమిషాల్లో వస్తానని ఆవిడతో అన్నాడు. ఆవిడ వెళ్ళింది. ఆయన రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి.

తీరా కర్టెన్ల కొట్లోకి వెళ్తే ఆవిడ లేదు. ఆ కొట్టుకి రెండు గుమ్మాలున్నాయి. నీలం స్వెటరు, కళ్ళజోడు ఉన్నావిడ ఇప్పుడే అటు గుమ్మంలోంచి కుడివైపు వెళ్ళారని కొట్టతను చెప్పాడు. ఆయన కుడివైపు నడిచాడు. నడిచి నడిచి మళ్ళీ అదే కొట్టు ముందుకి వచ్చాడు. గుండ్రటి మాల్‌తో ఉన్న చిక్కే అది. తప్పిపోయిన మనిషి ముందుందో వెనకుందో చెప్పడం కష్టం.

ఆయనకి అలవాటైన పందెం కూడా ఇలాంటిదే. ఇద్దరు ట్రాక్‌కి చెరోవైపు నుంచి బయలుదేరి ఒకర్నొకరు తరుముకుంటారు. ఇద్దరూ సమానమైతే ఎంతసేపు తొక్కినా మధ్య దూరం తరగదు. అదే సంగతి ఇప్పుడాయనకి బోధపడింది. వేగం పెంచాడు.

రెండు చుట్లయ్యాక సమాచారం బల్ల దగ్గర ఆగాడు. పక్కనే జ్యూసు మిషను గర్రుమంటోంది. అక్కడి అమ్మాయి తప్పిపోయినవాళ్ళ పేరు అడిగింది. ఆయన కంగారులో, ఇంట్లో పిలిచే పేరే చెప్పాడు.

"బుజ్జి."

"వయసెంతండీ?"

"అరవై ఆరు."

మిషను అరవైని మింగేసి ఆరుని మాత్రం ఆ అమ్మాయికి వదిలిపెట్టింది. నీలం స్వెటరు, కళ్ళజోడు అని గుర్తులు కూడా చెప్పి, ఆ అమ్మాయి మొహంలో జాలి చూసి, లోకంలో ఇంకా మంచితనం ఉందనుకుంటూ ఆయన మూడో చుట్టుకి బయలుదేరాడు.

మైకులో ప్రకటన వచ్చింది. బుజ్జి అనే ఆరేళ్ళ పాప తప్పిపోయింది, నీలం స్వెటరు, కళ్ళజోడు. మలుపు దగ్గర శబ్దం ఎప్పుడూ ముక్కలైపోతుంది. ఆయనకి వినిపించినవి "స్వెటరు", "దయచేసి" అన్న రెండు మాటలే. మిగతా మాల్‌కి అంతా స్పష్టంగా వినిపించింది. గార్డులు రెండు ద్వారాలూ మూసేశారు. బొమ్మల కొట్టాయన షట్టరు దించి, ప్రతి అరా వెతికించాడు. పావుగంటలో సమాచారం బల్ల దగ్గర నీలం స్వెటర్ల పిల్లలు నలుగురు పోగయ్యారు. వాళ్ళ తల్లులు నలుగురూ గార్డుని చుట్టుముట్టారు. ఒకావిడైతే, ఇది నా కూతురే అని ఎన్నిసార్లు చెప్పాలి, పుట్టుమచ్చలు చూపించాలా అని నిలదీసింది.

కంగారుగా తిరుగుతున్న ముసలాయనే ఆ పాప తాతగారని ఎవరో అనుకున్నారు. పాపం అంటూ నలుగురు ఆయన వెనక నడిచారు. నాలుగో చుట్టుకి వాళ్ళు పదిహేనుమందయ్యారు. ఈ గుంపేమిటని ఆయన పక్కనున్న వ్యక్తిని అడిగాడు. ఆరేళ్ళ పాప తప్పిపోయిందండీ, ధైర్యంగా ఉండండి అన్నాడతను. ఆయన సిగ్గుపడ్డాడు. ఇక్కడ పసిపిల్ల కనబడక జనం అల్లాడుతుంటే, ఎద్దులా పెరిగిన తాను పెళ్ళాం కోసం ఏడవడమేమిటి. ముందు పాప సంగతి చూద్దాం అనుకుని గుర్తులడిగాడు. నీలం స్వెటరు, కళ్ళజోడు అని చెప్పారు. ఈమధ్య అందరూ అవే వేసుకుంటున్నట్టున్నారు అనుకుంటూ ఆయన అందరికంటే ముందుండి వెతకసాగాడు. బల్లల కిందా, బట్టల స్టాండ్ల వెనకా వంగి చూశాడు. ఐదు, ఆరు, ఏడు.

ఏడో చుట్టులో సమాచారం బల్ల అమ్మాయి ఎదురొచ్చి, పాప ఫొటో ఏదైనా ఉందా అని అడిగింది.

"ఏ పాప ఫొటో?"

"మీ పాపదేనండీ. బుజ్జి."

"బుజ్జి నా భార్య."

వెనకున్న పదిహేనుమందీ నిలబడిపోయారు. నలుగురు తల్లులూ ఒక్కసారిగా ఆయనవైపు తిరిగారు. వాళ్ళు నోరు తెరిచేలోపు గార్డు పైఅంతస్తు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ, గుర్తుగా ఒక్కటే మిగిల్చిన పాత చెక్క కుర్చీల వరసలో, నీలం స్వెటరూ కళ్ళజోడూ ఉన్న ఒకావిడ తీరిగ్గా కూర్చుని కిందికి చూస్తోంది.

ఆయన అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పి పైకి చేరేసరికి పావుగంట పట్టింది. వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. కర్టెన్లు నచ్చక బయటికొచ్చి, కాళ్ళు లాగి పైకెక్కానని, అప్పుడే మీరు మలుపు తిరుగుతూ కనిపించారని ఆవిడ చెప్పింది. ఎవరో పాప తప్పిపోతే వెతుకుతున్నారనుకుందట.

"పిలవచ్చుగా."

"పిలిస్తే ఆగిపోతారు కదా."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ కొంగు సర్దుకున్నట్టు స్వెటరు అంచు సర్దుకుని, కింద ట్రాక్ వైపు చూస్తూ చెప్పింది. పెళ్ళికి ముందు ఆవిడ ఇక్కడ మూడో కిటికీలో టికెట్లు అమ్మేది. అక్కడే ఆయన ఆవిణ్ణి చూశాడు. కానీ ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఆ కిటికీ ఆఖరిదాకా తెరిచే ఉంచాలి. జనం అరుపులు గోడ అవతల్నుంచి వినిపించేవి. అరుపు పెరిగితే ఈయన ముందున్నాడనీ, తగ్గితే వెనకబడ్డాడనీ లెక్కేసుకునేది.

"నేనొక్క పందెమూ చూడలేదండీ."

ఇన్నేళ్ళూ ఆయన తన ఫైనల్ పందెం గురించి ఎన్నిసార్లు చెప్పాడో. ఆఖరి మలుపులో ఎలా ఎగబడ్డాడో, వెంట్రుకవాసిలో ఎలా ఓడాడో. ప్రతిసారీ నువ్వు చూశావుగా అనేవాడు. ప్రతిసారీ ఆవిడ అవుననేది. లోకంలో ఒక్క మనిషైనా ఆ మలుపు చూసిందన్న ధీమాతో ఆయన నలభై ఏళ్ళు బతికాడు.

"మరి అవుననేదానివి?"

"మీరు చెప్తుంటే చూసినట్టే ఉండేది. అయినా ఒక్కసారి నిజంగా చూడాలని ఉండేది. మీరేమో ఈ చాయలకే రారు."

కింద ద్వారాలు తెరుచుకున్నాయి. జనం ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. ఆయన ఎటో చూస్తూ, ఎలా తిరిగానని అడిగాడు.

"మొదటి మూడు చుట్లు చాలా బాగున్నాయి. తర్వాత జనం అడ్డమొచ్చారు. కొంచెం కుడివైపు ఒరుగుతున్నారు."

"అది మోకాలు. అప్పట్లో ఎడమవైపు ఒరిగేవాణ్ణి."

"అదే నేను చూడనిది" అంది ఆవిడ.

ఆయన లేచి చెయ్యి అందించాడు. ఇద్దరూ కిందికి దిగి ట్రాక్ పక్కగా నడిచారు. ఎక్కడ టైరు పేలిందో, ఎక్కడ ఊపిరి అందక కళ్ళు చీకట్లు కమ్మాయో, ఎక్కడ అవతలివాడి వెనక చక్రం కనిపించిందో ఆయన చెప్తున్నాడు. ఆవిడ అవుననకుండా ప్రతిచోటా ఆగి, చెక్క మీద చెయ్యి పెట్టి చూస్తోంది. పరుపుల కొట్టు ముందు నేలలో, అరిగిపోయిన తెల్లగీత ఒకటి ఉంది.

అదే ఆఖరి గీత అని ఆయన చెప్పేలోపే ఆవిడ దాటేసింది.