బుధు వంతు

కొండజాతి నేరస్థులను ఇకమీదట జైలుకు పంపకుండా, వారి వారి ఊళ్లలోనే ఉంచి, కనిపెట్టి, సన్మార్గంలో పెట్టవలెనని 1926లో సర్కారువారు దయతో నిర్ణయించారు. ఆ దయకు కారణం లేకపోలేదు. అరకు కొండల నుంచి మైదానంలోని జైలుకు పంపిన వాళ్లు ఏడాది శిక్షను పూర్తి చేయకుండా మూడో నెలలోనో నాలుగో నెలలోనో చచ్చిపోతున్నారు. శిక్షను మధ్యలో వదిలేసి పోవడం చట్టాన్ని అవమానించడమే. కానీ చచ్చినవాడి మీద చర్య తీసుకునే సెక్షను ఎంత వెతికినా దొరకలేదు.

ఆ విధంగా సత్ప్రవర్తన ఉద్యోగి అనే కొత్త పదవి పుట్టింది. దానిలో బొబ్బిలి వాస్తవ్యుడు వరహాలరావును వేశారు. అతనికి ఇంగ్లీషు గుండ్రంగా రాయడం వచ్చు, మన్యపు జ్వరం ఎలా ఉంటుందో తెలియదు. తెలిసిన అభ్యర్థులందరూ అప్పటికే తప్పుకున్నారు. ఉద్యోగం ఏడాదిపాటు తాత్కాలికం. ఏడాది చివర దొర స్వయంగా కొండెక్కి వచ్చి, నేరస్థుడు బాగుపడ్డాడని కళ్లారా చూస్తే ఖాయమవుతుంది, లేకపోతే ఊడుతుంది. ఖాయమైన కాగితం చూశాకే కాపురానికి వస్తానని భార్య నూకరత్నం పుట్టింట్లోనే ఉండిపోయింది.

అతనికి అప్పగించిన ఊరు జాకరిగుడ, అప్పగించిన నేరస్థుడు బుధు. బుధు చేసిన నేరం పోడు. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలూ కందులూ చల్లుకుంటే దాన్ని పోడు అంటారు. అదే కొండకు అవతలి పక్క రైలు పట్టాల కింద వేసే దుంగల కోసం కంట్రాక్టరు నరికించుకుంటే దాన్ని దేశాభివృద్ధి అంటారు. ఈ చిన్న తేడా తెలియక బుధు ఏడాది జైలుశిక్ష తెచ్చుకున్నాడు. బుద్ధిగా ఉన్నన్నాళ్లూ జైలు లేదు, ఒక్క షరతు తప్పినా మైదానానికి దింపేస్తారు.

షరతులు సులువైనవే. వారం వారం సంతరోజున ఉద్యోగి ఎదుట నిలబడి వేలిముద్ర వేయాలి, బాట పనిలో రాళ్లు మోయాలి, కత్తి ముట్టకూడదు, కల్లు తాగకూడదు, అడవిలో అడుగు పెట్టకూడదు. ఊరి చుట్టూ అడవే కాబట్టి బుధు చెంబు పట్టుకుని బయటికి వెళ్లినా షరతు తప్పినట్టే అయ్యేది. వరహాలరావు దయగలవాడు. రిజిస్టరులో 'అనివార్య కారణాలు' అని ఒక గడి ఎక్కువ గీయించి ఆ చిక్కు తీర్చాడు.

అతని నివేదికల గురించి కచేరీలో గొప్పగా చెప్పుకునేవారు. మేనెలలో బుధు ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. జులైలో అయిదడుగుల ఆరు. 'సత్ప్రవర్తన ఎముకలకు కూడా మేలు చేయుచున్నది' అని వరహాలరావు రాశాడు. ఆగస్టు వానల్లో బుధు నెత్తి మీంచి మోకాళ్ల దాకా ఆకుల గిడుగు కప్పుకుని వచ్చి, సన్నని గొంతుతో పేరు చెప్పి, ముద్ర వేసి వెళ్లాడు. 'పశ్చాత్తాపముచే గొంతు మెత్తబడినది.' అక్టోబరులో ముందుపన్ను ఊడింది. నవంబరులో మళ్లీ వచ్చింది. ఈ సంగతి వైద్యశాస్త్రమునకు తెలియపరచదగినదని పైఅధికారులు మార్జినులో రాసి, ఇంకా పైకి పంపారు. ఇన్నాళ్లలోనూ వరహాలరావు బుధు ముఖం చూడలేదా అని మీరు అడగవచ్చు. చూడడానికి రిజిస్టరులో గడి లేదు.

చైత్రమాసం వచ్చింది. మరో నాలుగు రోజుల్లో దొర వస్తున్నాడని కబురు అందింది. బుధుకు సలాము చేయడం నేర్పుదామని వరహాలరావు ఊరిపెద్ద సోంబరు ఇంటికి వెళ్లి, బుధును పిలవమన్నాడు.

"ఏ బుధు బాబూ?" అన్నాడు సోంబరు. "పోయిన వోరం బుధా, అంతకు ముందోడా?"

వరహాలరావుకు అర్థం కాలేదు. సోంబరు చుట్ట పక్కన పెట్టి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

"తప్పు ఒక్కడిదేటి బాబూ? కొండ ఊరంతా కొట్టినాం, ఊరంతా కాల్సినాం, ఊరంతా తిన్నాం. కోరటోళ్లు ఒక్క పేరే సెప్పమన్నారు, ఒక్క పేరే సెప్పినాం. సిచ్చ మాత్రం ఆడొక్కడే మోత్తాడేటి? మా ఊర్లో ఏ బరువైనా వంతులే. వోరానికో గడప."

వరహాలరావు రిజిస్టరు తెరిచాడు. పదకొండు నెలల వేలిముద్రలు వరసగా ఉన్నాయి. ఒకటి వెడల్పు, ఒకటి కోల, ఒకదానికి అడ్డంగా గంటు. ఇన్నాళ్లూ అవి సిరా మచ్చల్లా కనిపించాయి. ఇప్పుడు ఇరవైరెండు ఇళ్లవాళ్లూ అతన్ని చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

"ఆగస్టులో గిడుగు కప్పుకుని వచ్చిందెవరు?"

"నానే," అంది సోంబరు భార్య సోములమ్మ పొయ్యి దగ్గర నుంచి. "ఆ వోరం ముసిలోడికి జొరం."

"పోనీ, ఈ వారం వంతెవరిది?" అన్నాడు వరహాలరావు, చేసేది లేక.

"మీదే బాబూ," అన్నాడు సోంబరు. "మీ గడప ఇరవైమూడోది. మొదటిసారి సుట్టమని ఒగ్గేసినాం. ఇప్పుడు నువ్వు ఊరోడివే గదా."

వరహాలరావు మండిపడ్డాడు. తాను సర్కారు మనిషినన్నాడు. తాను చెట్టు కొట్టలేదన్నాడు. సోములమ్మ గరిటె చేత్తో పట్టుకుని వచ్చింది.

"పదకొండు నెల్లు నా సేతి పప్పు తిన్నావు. ఆ కందులు ఏ కొండవనుకున్నావు బాబూ?"

అసలు బుధు ఎవరో అతన్నే దొర ఎదుట నిలబెట్టాలని గట్టిగా హుకుం వేసి వరహాలరావు వెళ్లిపోయాడు. సోంబరు సరేనని తల ఊపాడు.

అయితే దొర నాలుగు రోజులు ఆగలేదు. టైడా దగ్గర పులి దొరక్కపోవడంతో విసుగొచ్చి రెండు రోజులు ముందే బయల్దేరాడు. జాకరిగుడలో ఆ వేళ ఇటుకల పండగ, అంటే చైత్రంలో వచ్చే వేట పండగ. ఊళ్లో నడవగలిగిన మగవాడల్లా వేటకు పోయాడు. పోనివాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు కనుక బుధు కూడా పోయాడు. దొర గుర్రం వాగు దాటుతోందని తెలిసేసరికి ఊళ్లో మిగిలిన మగవాళ్లు ఇద్దరే. ఒకడు కాళ్లనొప్పుల సోంబరు, రెండోవాడు వరహాలరావు.

ముద్దాయి లేడంటే పరారీ అయ్యాడనే అర్థం. ఉద్యోగం ఊడుతుంది. బుధును వెతికి పట్టుకుని మైదానం జైలుకు పంపుతారు, అక్కడ అతను మూడు నెలలు బతుకుతాడు. నిజం చెప్పుకోవాలంటే ఈ రెండో సంగతి కూడా వరహాలరావును బాధపెట్టింది. దొర తనను ఎన్నడూ చూసి ఉండలేదు. వెంట వచ్చే డఫేదారూ ఈ కొండకు కొత్తే. వరహాలరావు కోటూ తలపాగా విప్పి సోంబరుకు తొడిగి, రిజిస్టరు చేతికిచ్చి, తాను సోంబరు గొంగడి కప్పుకున్నాడు.

"నానేటి మాటాడాల బాబూ?"

"ఏమీ మాట్లాడకు. ఏమడిగినా తల ఊపు. సర్కారు నౌకరీలో అంతకంటే పని లేదు."

దొర దిగాడు. కుర్చీ వేయించుకున్నాడు. ఉద్యోగిని చూసి మెచ్చుకున్నాడు. ఇంత తక్కువ మాట్లాడే నేటివు గుమాస్తాను తాను చూడలేదన్నాడు. తర్వాత ముద్దాయి వైపు తిరిగి, నీ పేరేమిటని ఇంగ్లీషులో తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. వరహాలరావు చేతులు కట్టుకుని ఊరుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ పదకొండు నెలలుగా ఇంగ్లీషు మాట్లాడే దిక్కులేక అతని నాలుక ఎండిపోయి ఉంది.

"నా పేరు బుధు, మహాప్రభూ," అన్నాడు చక్కని ఇంగ్లీషులో. "ప్రభుత్వంవారి అపారమైన కరుణవల్ల నేను పూర్తిగా సంస్కరింపబడితిని."

దొర నోట్లోని చుట్ట కిందపడింది.

"ఇతనికి ఇంగ్లీషు మీరే నేర్పారా?" అని ఉద్యోగిని అడిగాడు. సోంబరు తల ఊపాడు. "చదవగలడా?" ఊపాడు. "చట్టాలు కూడా?" ఊపాడు. "అంటే, ఈ కొండవాళ్ల తరఫున అర్జీలు కూడా రాయగలడన్నమాట." సోంబరు మరింత గట్టిగా ఊపాడు. దొర లేచి నిలబడ్డాడు.

"పెద్దమనుషులారా!" అన్నాడు. ఎదుట ఉన్నవి మూడు మేకలూ కొందరు ఆడవాళ్లూ. "సంస్కరణ విజయవంతమైంది. ఒక అడవిమనిషి ఏడాది తిరగకుండా నాగరికుడయ్యాడు. ఈ ఉద్యోగిని ఇప్పుడే ఖాయం చేస్తున్నాను. కానీ ఈ కొండల్లో అల్లరి అణిగి ఇంకా మూడేళ్లు కాలేదు. చట్టం తెలిసిన కొండవాడిని కొండ మీద వదలడమంటే మందుగుండు కొట్టులో దీపం పెట్టడమే. ఇతడు తన శిక్షను జైల్లో మొదటి నుంచి అనుభవించుగాక!"

వరహాలరావు గొంగడి విసిరికొట్టి, తాను వరహాలరావునని, ఉద్యోగినని అరిచాడు.

"చూశారా," అన్నాడు దొర విచారంగా, "అప్పుడే సర్కారు ఉద్యోగం తనదంటున్నాడు." వేరొకరి పేరు చెప్పుకున్నందుకు మూడు నెలలు కలిపి, డఫేదారుకు అప్పగించాడు.

వేటకు పోయినవాళ్లు తిరిగొచ్చి సంగతి విని చాలాసేపు మాట్లాడుకున్నారు. వారం రోజులు కాగానే అసలు బుధు అయిదు రోజులు నడిచి, సొరకాయ బుర్రలో అంబలి పట్టుకుని మైదానంలోని జైలు గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"బాబు వోరం అయిపోనాది. ఇప్పుడు నా వంతు. ఆ బాబుని ఇంటికి అంపీయండి."

"నువ్వెవడివి?"

"బుధుని."

బుధు లోపలే ఉన్నాడని, ఒక శిక్షకు ఇద్దరిని తీసుకునే రూలు లేదని వార్డరు గెంటేశాడు. అంబలి మాత్రం లోపలికి పంపాడు. మరుసటి వారం పక్క గడపవాడు వచ్చి తానే బుధునన్నాడు. ఆపై వారం ఇంకొకడు. ఒకసారి సోములమ్మ కూడా వచ్చింది. ఆ జైలుకు పోయిన కొండవాళ్లు తిరిగి రారని వాళ్లకు తెలుసు. తెలిసీ వారం వారం వచ్చారు. మొదటి నెలలో వరహాలరావు వాళ్లను మూర్ఖులని తిట్టుకున్నాడు. రెండో నెల నుంచి కటకటాల దగ్గర వాళ్ల కోసం ఎదురుచూశాడు. అయిదో నెలలో జ్వరం వచ్చినప్పుడు ఆ అంబలే అతన్ని బతికించింది. తనకెవరూ ఇంత చేయలేదని ఏడ్చాడు.

జైలు సూపరింటెండెంటు న్యాయంగలవాడు. ఇతను వరహాలరావే అని పరువుగల ఇద్దరు పెద్దమనుషులు వచ్చి సంతకం చేస్తే వదిలేస్తానన్నాడు. బొబ్బిలి నుంచి అక్కడికి రైల్లో ఒక్కపూట. ఉద్యోగం ఖాయమైన కాగితం కోసం కూర్చున్న నూకరత్నం ఇప్పుడు గడప గడపా తిరిగింది. మొగుడి మేనమామ గణపతిరావు శ్రావణం వెళ్లనిమ్మన్నాడు. చదువు చెప్పిన హెడ్మాస్టరు, చూస్తే గుర్తుపడతాను గానీ సంతకమంటే ఆలోచించాలన్నాడు. వకీలు సన్యాసిరావు కొడుకు ఉద్యోగం కాగితాలు దొర బల్ల మీదే ఉన్నాయి. అయినా పట్టణ ప్రముఖులు ఊరుకోలేదు. సభ చేసి, తీవ్ర విచారం వెలిబుచ్చి, తీర్మానం రాసి, ఎవరికీ పంపకుండా బీరువాలో భద్రపరిచారు.

వరహాలరావు పదిహేను నెలలూ పూర్తిచేశాడు. గుమ్మం దగ్గరికి వచ్చి 'నేనే బుధుని' అన్నవాళ్లు అరవైకి పైమాటే. 'అతను వరహాలరావే' అనడానికి ఒక్కరూ రాలేదు. ఎవడి తప్పు వాడిదేనన్న నాగరికత ఆ కొండవాళ్లకు ఎన్నడు అబ్బుతుందో అని బొబ్బిలిలో ఇప్పటికీ జాలిపడుతుంటారు. ఇది చదువుతున్న మీరే ఆ పట్టణంలో ఉండి ఉంటే తప్పక మొదటి రైలెక్కి ఉండేవారు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ పూట మీకు ఏదో పని తగిలి ఉంటుంది.