డిస్కు మింగిన ఉత్తరం

అయ్యా, అమ్మా! కంప్యూటర్లో డిస్కు పాడవడాన్ని మించిన అదృష్టం ఈ కాలంలో ఇంకోటి లేదు. పోయిన వారం నాది పాడైంది. పదకొండేళ్ల ఈమెయిళ్లు గోవిందా! ప్రాణం ఎంత తేలికపడిందంటే, బరువు తూచే మిషనెక్కితే రెండు కిలోలు తగ్గాను. నమ్మరా?

మన ఉత్తరాలు పరాయివాళ్ల సర్వర్లో ఎందుకని, వచ్చినవన్నీ నా డిస్కులోకి దించుకుని అక్కడ చెరిపేయడం నా అలవాటు. ముప్పై ఐదేళ్లు పోస్టుమాన్‌గా చేసినవాణ్ణి, ఆ మాత్రం జాగ్రత్త ఉండదూ?

రిపేరు షాపావిడ డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని వింది.

"గురక పెడుతోంది తాతగారూ. బ్యాకప్ ఉందా?"

"ఉంటే నీ దగ్గరికెందుకొస్తానమ్మా?"

ఆవిడ ఫైళ్లు బాగుచేసే ప్రోగ్రాం పెట్టి, మీట నాకప్పగించింది. అది అడుగడుక్కీ "సరిచేయమంటారా?" అంటుంది. ఎంత మర్యాద! మా ఇంట్లో నన్నెవరడిగారు ఆ మాట? నాలుగు వేలసార్లు నొక్కేసరికి వేలిముద్ర అరిగిపోయింది. ఇప్పుడు బ్యాంకు మిషను నేను నేను కాదంటోంది!

ఫలితం చూడాలి! ఒకదాని మొండేనికి ఇంకోదాని తల. నా రిటైర్మెంటు అభినందన ఇలా తేలింది: "మీ సేవలు మరువలేనివి. ఒక్కసారి చల్లితే బొద్దింకలు మళ్లీ రావు." ఇంత గొప్పగా నన్నెవరైనా పొగిడారా?

అసలు లాభం ఇంకా ఉంది. ఎనిమిది నెలల కిందట చదరంగంలో గుర్రాన్ని దొంగతనంగా వెనక్కి జరిపాడని మా అక్క మొగుడితో మాటలు మానేశాను. మర్నాడే బావ దగ్గర్నుంచి మెయిలొచ్చింది. పైన "ఒరేయ్" అని మాత్రం ఉంది. కొన్నాళ్లు ఊరనిద్దామని తెరవలేదు. రోజూ పొద్దున్నే ఉందా లేదా అని చూసుకునేవాణ్ణి, అంతే.

బట్టతల మందు ప్రకటనలు మూడొందలూ చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి. అదొక్కటే రాలేదు.

నిన్న అక్క ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ రాసినదానికి ఔననో కాదనో చెప్పి చావరాదూ? ఆదివారం ఆదివారం బోర్డు సర్దుకుని గుమ్మం వైపు చూస్తూ కూచుంటున్నారు."

"ఏం రాశాడే?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఆలోచిస్తున్నానక్కా."

"ఎనిమిది నెలలా? ఏం బుర్రరా అది!"

చూశారా డిస్కు చేసిన మేలు! ఊరందరి ఉత్తరాలూ చేర్చినవాడు తనకొచ్చినదాన్ని విప్పనేలేదన్న సంగతి ఇక ఎవరూ పట్టుకోలేరు. మీరూ చెప్పకండి.

ఈ పత్రిక బావ ఇంటికీ వెళుతుంది కాబట్టి ఒక్క ముక్క: బావా, ఏం రాశావో నాకు తెలీదు. ఆదివారం వస్తున్నా, నోటితోనే చెప్పు. ఆ గుర్రాన్ని జరిపింది నేనే.