తిమ్మన్న తోటలో పూత కోత

కణేకల్ కాలువ కింద నాలుగెకరాల పామాయిల్ తోట పెట్టిన తిమ్మన్న ఆ పొద్దున ఎండెక్కకముందే కొడవలి పట్టుకుని బయల్దేరాడు. లేత చెట్టు బలం కాయలకు పోకుండా మూడేళ్లదాకా పూత కోసేయమని తోటల ఆఫీసరు చెప్పాడు. చెప్పిన మాట వినే రోగం ఆ ఊళ్లో తిమ్మన్న ఒక్కడికే ఉంది.

సద్ది తెచ్చిన భార్య హనుమంతమ్మ కోసిన పూత చూసి, మూట గట్టున పడేసి పరిగెత్తుకొచ్చింది. ఈసారైనా గెల కంటబడకపోతే తోట పీకించి చెనిక్కాయ పంట వేయిస్తానని ఉగాదినాడే తేల్చి చెప్పింది. తీరా తొలిసారి పూత పడితే మొగుడే కోసి పారేస్తున్నాడు!

"ఏమయినాది నీకు? కాసే చెట్టును యాడన్నా కోస్తారా?"

"నీకు తెల్దులే. ఇంకా కోయాల్ల."

ఆమె తమ్ముడు కుళ్లాయప్పకు ఫోన్ చేసింది. "మీ బావకు గాలి తగిలినట్లుండాది. తోటంతా నరుకుతాండాడు!"

కుళ్లాయప్ప తాయెత్తులు కట్టే ఆదెన్నను బండెక్కించుకొచ్చాడు. దారిపొడవునా కుళ్లాయప్ప పెట్టిన కేకలు విని మరో పదిమంది వెంటపడ్డారు. తోటలో ఎలుగుబంటి దూరిందనుకుని కట్టెలు కూడా తెచ్చారు.

"ఎలుగొడ్డు యాడుండాదన్నా?" అని వాళ్లు అడుగుతుండగానే ఆదెన్న వేపమండతో తిమ్మన్న నెత్తిన నాలుగు బాదాడు.

తిమ్మన్నకు ఒళ్లు మండింది. మండ లాక్కుని అరిచాడు. "దూడ మెడకు కాడి కడతామేమప్పా? చిన్న చెట్టుకు కాయలూ అంతే!"

ఆ మాట అందరికీ తలకెక్కింది. "బావ చెప్పేది నిజమే" అన్నాడు కుళ్లాయప్ప. కట్టెలు పక్కన పడేసి పక్క చేలల్లోంచి తలా ఒక కొడవలి తెచ్చుకున్నారు. మొగుణ్ని పిచ్చోణ్ని చేశానే అన్న బాధతో హనుమంతమ్మ అందరికంటే ఎక్కువ కోసింది. మధ్యాహ్నానికి తోటలో ఒక్క పూత మిగల్లేదు.

అప్పుడే తొలి కాపు చూద్దామని ఆఫీసరు వచ్చాడు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

"మేమే సార్!" అన్నారు అందరూ గర్వంగా.

"నాటి నాలుగేళ్లయింది కదయ్యా! ఈ పూత ఉంచాల్సింది!"

హనుమంతమ్మ తన ముందున్న కుప్ప చూసుకుంది. అన్నిటికంటే పెద్దది అదే. ఇక తోట పీకించే మాట ఏ మొహంతో ఎత్తాలో ఆమెకు తెలియలేదు.

తిమ్మన్నకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. "నాలుగెట్లయితాది సార్? అందులో రెండేండ్లు వానే పడలేదు. కరువొచ్చిన ఏడాదిని ఎవురన్నా లెక్కబెడతారా?"

"యాడా పెట్టరు సార్" అన్నారు పదిమందీ.

ఆఫీసరు అతని నెరిసిన మీసాన్ని కాసేపు చూశాడు. "నీ వయసెంతయ్యా?"

తిమ్మన్న వేళ్ల మీద లెక్కవేసుకుని, ఇరవై ఏడన్నాడు.