దళారీ లేని పాలపిట్ట

పోయిన దసరాకు పాలపిట్టను చూడటానికి అంకమ్మరావు శ్రీలంక వెళ్ళాడు. ఇందులో విడ్డూరమేమీ లేదు. సత్తెనపల్లి చుట్టుపక్కల పాలపిట్ట లేదు, దసరా మాత్రం ఏటా వస్తుంది. అలాంటప్పుడు మర్యాదస్తుడు చేయదగ్గ పని అదొక్కటే.

విజయదశమి నాడు పాలపిట్ట కంటబడకపోతే తలపెట్టిన పని కాదన్న సంగతి మనందరికీ తెలిసిందే. తెలియనివారు అంకమ్మరావును చూసి తెలుసుకోవచ్చు. ఆయనది బస్టాండు ఎదురుగా పేరున్న పురుగుమందుల షాపు. రెండు దసరాలు వరుసగా పిట్ట కనబడలేదు. రెండేళ్ళూ పెద్ద కంపెనీ వారి జిల్లా డిస్ట్రిబ్యూటర్‌షిప్‌ను నరసరావుపేట వాడు తన్నుకుపోయాడు. ఈసారి పండగ వెళ్ళగానే కంపెనీ మళ్ళీ పేరు ప్రకటిస్తుంది. ఇప్పుడు కూడా పోతే వాడి గోడౌన్ ముందు నిలబడి సరుకు తెచ్చుకోవాలి. అంతకంటే షటర్ దించుకుని ఇంట్లో పడుండటం మేలని అంకమ్మరావు తన భార్య నాగజ్యోతి దగ్గర కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు.

పాపం, ఆయన చేయని ప్రయత్నం లేదు. పత్తి చేల గట్లు, మిర్చి తోటలు, అమరావతి రోడ్డు వెంట కరెంటు తీగలు అన్నీ కారేసుకుని గాలించాడు. తీగలున్నాయి గానీ పిట్ట లేదు. ఒక మిర్చి తోటలో దిగితే మందు ఘాటుకు ఆయనకే కళ్ళు తిరిగాయి. తన సరుకు అంత నికార్సయినదని ఛాతీ పొంగింది. పిట్ట ఎటు పోయిందో మాత్రం అంతుబట్టలేదు. సెల్ టవర్ల వల్ల పోయిందని షాపు ముందు పెద్దమనుషులు తేల్చారు. మందు పెట్టెల మీద కూర్చుని తేల్చారు కనుక దాన్ని శాస్త్రీయమైన అభిప్రాయంగానే తీసుకోవాలి.

పూర్వం పండగనాడు పంజరంలో పాలపిట్టను తెచ్చి ఇంటింటికీ చూపించే మనిషి ఒకడుండేవాడు. అది నేరమని అటవీ శాఖ వారు చెప్పి పిట్టను వదిలించారు. వదిలిన పిట్ట మన ఊళ్ళో ఒక్క పూట కూడా ఆగలేదు. కాస్తయినా విశ్వాసం ఉండొద్దూ?

మార్గం చూపినవాడు ట్రావెల్స్ ఆఫీసు మొహిద్దీన్ బాషా. "శ్రీలంకలో తీగ తీగకీ ఉంటయ్యండీ. పోయినేడు మన జనాన్ని తీసుకెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశా. ప్యాకేజీ వేసెయ్యమంటారా?" అన్నాడు.

అంకమ్మరావు ఆలోచించి చెబుతానని ఇంటికొచ్చాడు. "పిట్ట అక్కడుంది, మనం ఇక్కడున్నాం. మధ్యలో బాషా ఎందుకే? దళారీ అనేవాడు చీడలాంటోడు. ఆ పక్కా తింటాడు, ఈ పక్కా తింటాడు. అక్కడోడితో డైరెక్టుగా మాట్లాడు," అని నాగజ్యోతికి బోధించాడు. కంపెనీకీ రైతుకూ మధ్య బల్ల వేసుకుని జీవితమంతా గడిపిన మనిషి కనుక, ఈ మాటను అనుభవజ్ఞుడి మాటగా గౌరవించాలి.

నాగజ్యోతి ఇంటర్నెట్‌లో గాలించి నిహాల్ అనే శ్రీలంక గైడును పట్టింది. అతను పిట్టలు చూపించడమే వృత్తిగా బతుకుతున్నాడు. ఏయే పిట్టలు చూడాలని అడిగాడు. ఒకటేనని చెప్పి ఫొటో పంపింది. నిహాల్ నొచ్చుకున్నాడు. అది తమ ఊరి తీగల మీద ఊరికే కూర్చునేదనీ, దానికోసం సముద్రం దాటి రానక్కరలేదనీ, ప్రపంచంలో మరెక్కడా లేని పిట్టలు తమ దగ్గరున్నాయనీ, అవి చూపిస్తాననీ రాశాడు.

"చూశావా? ఒకటడిగితే ఇంకోటి అంటగడుతున్నాడు," అన్నాడు అంకమ్మరావు. ఆ విద్య ఆయనకు తెలియనిది కాదు. దశమినాడు విజయ ముహూర్తానికి పాలపిట్ట కనబడాలనీ, తక్కినవి ఊరికే చూపించినా చూడననీ రాయించాడు. ఇలా దళారీ ప్రమేయం లేకుండా ఒప్పందం కుదిరింది.

కబురు ఊళ్ళో పాకింది. పత్తి రైతు పిచ్చమ్మ షాపుకొచ్చి, "బాబూ, నా పేరు కూడా చెప్పి ఓ దణ్ణం పెట్టు. ఈ ఏడన్నా పురుగు రాకుండా చూడమను. ఆ చేత్తోనే కొత్త మందు రెండు డబ్బాలియ్యి," అంది. ఆమెను చూసి వీధి వీధంతా పేర్లు, గోత్రాలు రాయించింది. వీడియో కాల్‌లో చూస్తే దర్శన ఫలం వస్తుందా అన్న ధర్మసందేహం పుట్టింది. లైవ్ అయితే మొత్తం ఫలం, రికార్డింగ్ అయితే సగం ఫలం అని పురోహితుడు తీర్పు చెప్పాడు. ఇంత పెద్ద చిక్కును అంత తేలిగ్గా విడగొట్టిన పండితుడు మన ఊళ్ళో ఉండటం మన అదృష్టం.

దశమినాడు నిహాల్ జీపు బయలుదేరింది. అందులో అంకమ్మరావు దంపతులూ, మెడలో దుర్భిణీలు వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు మొదట కంటబడే పిట్ట పాలపిట్టే కావాలని అంకమ్మరావు కళ్ళకు తువ్వాలు కట్టుకున్నాడు. దారిలో నిహాల్ జీపు ఆపి, ఊపిరి బిగపట్టి, ఒక నీలిరంగు అడవి పిట్టను చూపించాడు. దాన్ని చూసి తెల్లావిడ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. అంకమ్మరావు తువ్వాలుకు ఇంకో ముడి బిగించాడు. పిట్టలు చూసే యాత్రలో ఇంత నిష్ఠగా కళ్ళు మూసుకున్న మనిషిని నిహాల్ అంతకుముందు ఎరగడు.

ముహూర్తం వేళకు వరిచేల మధ్య జీపు ఆగింది. నాగజ్యోతి ఫోను పైకెత్తి తువ్వాలు విప్పింది. ఎదురుగా తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంది. రెక్కలు విప్పి ఒక్కసారి ఎగిరేసరికి నీలమంతా మెరిసింది. చిన్నతనంలో జమ్మిచెట్టుకు పోయేదారిలో నాన్న భుజాల మీదనుంచి చూసిన పిట్ట అచ్చం ఇదే. అంకమ్మరావు నిజంగానే ఏడ్చాడు. అటు సత్తెనపల్లిలో ఫోను ముందు జనమంతా చెంపలు వేసుకున్నారు.

అప్పుడు పిట్ట చేలోకి వాలి ఒక మిడతను పట్టుకుని తీగ మీదికి పోయింది. మళ్ళీ వాలి ఒక పచ్చపురుగును నోట కరుచుకుంది. అంకమ్మరావు ఏడుపు ఆపి చేలోకి దిగి ఆకులు తిప్పి చూశాడు.

"ఇంత పురుగుందేంటి ఇక్కడ?"

"పురుగుంది కాబట్టే పిట్ట ఉందండి," అని నిహాల్ చెప్పిన జవాబును నాగజ్యోతి తెలుగులో వినిపించింది.

"అది సర్లే. వీళ్ళు మందేం కొడతారో అడుగు."

ఈ పక్క పెద్దగా ఎవరూ కొట్టరని నిహాల్ చెప్పాడు. అంకమ్మరావు కళ్ళు మళ్ళీ చెమర్చాయి. కనుచూపుమేర పచ్చగా ఉంది, ఒక్క షాపు కూడా లేదు. పాలపిట్ట మహిమ ఇంత త్వరగా పనిచేస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అక్కడికక్కడే పురుగు ఫొటోలు తీసి కంపెనీ మేనేజరుకు పంపాడు. పొద్దుగూకేలోగా జవాబు వచ్చింది. జిల్లా నరసరావుపేట వాడికే ఇచ్చేశారట. ఆ జిల్లాలో కొత్తగా అమ్మడానికి ఏమీ మిగల్లేదట. అంకమ్మరావుకు మాత్రం శ్రీలంక ఇచ్చారు. జిల్లా కోసం దణ్ణం పెట్టిన భక్తుడికి దేశమే దక్కింది.

ఇక ఈ ఏటి సంగతి. మళ్ళీ దసరాకు వస్తామని నాగజ్యోతి రాస్తే, ఆ పిట్ట ఇప్పుడు రోడ్డు పక్కన దొరకడం లేదనీ, అడవి లోపలికి పోయి వెతకాలనీ, కనబడుతుందని హామీ ఇవ్వలేననీ నిహాల్ బదులిచ్చాడు. డైరెక్టుగా నమ్మి వెళితే ఇట్లా మాట మారుస్తారా అని అంకమ్మరావు చాలా బాధపడ్డాడు. ఆయన పెద్దమనసుతో అతన్ని క్షమించి కంబోడియాలో ఇంకొక గైడుతో మాట్లాడుకున్నాడు. అక్కడి పాలపిట్ట రంగు కాస్త తేడా అట, ఫలంలో తేడా లేదని పురోహితుడు చెప్పాడు. ఊరంతా మళ్ళీ పేర్లు రాయించింది. మందు కొన్నవాళ్ళకు వీడియో కాల్‌లో ముందు వరస.

మీ పేరు, గోత్రం కూడా చెప్పదలచుకుంటే ఆలస్యం చేయకండి. మందు చేరని దేశాలు ఇంక ఎక్కువ మిగల్లేదు.