నాలుగోసారికి ఆహా

కళ్లజోళ్ల దుకాణాయన ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రం బడి వార్షికోత్సవంలో ఆయన భార్య, అంటే లెక్కల టీచరు, జీవితంలో మొదటిసారి వేదికెక్కి పాడబోతోంది. పాట అయ్యాక ఆవిడ చేతిలో కొత్త పెట్టె పెట్టాలి. ఆవిడ ప్రాణంగా చూసుకునే జాజ్ గాయని పాత రికార్డులన్నిటినీ శుభ్రం చేసి, మళ్లీ అచ్చువేసి, ఒకే పెట్టెలో తెచ్చారు మరి.

ఇంట్లో ఉన్నది పాతసామాన్ల అంగట్లో దొరికిన ఒకే ఒక్క రికార్డు. దాని వెంట పాడి పాడి ఆవిడ పాట నేర్చుకుంది. మధ్యలో ఒక ముక్క నాలుగుసార్లు వస్తుంది. నాలుగోసారికి ఆయన చేతిలో పని ఆపి, కళ్లు మూసుకుని, వెనక్కి వాలి "ఆహా" అంటాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా "ఒకే మాటని నాలుగుసార్లు తిప్పడమంటే మాటలు కాదు" అని పాఠం చెబుతాడు. కాఫీ ఇంకా రాలేదు కనుక చుట్టాలు తలూపుతారు.

ఆవిడ స్నానానికి వెళ్లగానే, సాయంత్రం పియానో వాయించాల్సిన బావమరిది పెట్టె విప్పాడు. "ఒక్క పాట విందాం బావా."

విన్నారు. ఆ ముక్క ఒక్కసారే వచ్చి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగిపోయింది.

"మిగతా మూడూ ఏవిరా?"

బావమరిది పాత రికార్డును వెలుతురుకి ఎత్తి చూశాడు. "గీత పడింది బావా. ముల్లు ఇరుక్కుంటోంది, అంతే. అక్క గీతని కూడా బట్టీ పట్టింది."

"కలిసి సాధన చేశారు కదా, అడగలేదా?"

"అక్కనా? చిన్నప్పుడు ఎక్కం తప్పితే ఏం చేసేదో నీకు తెలీదు. నాలుగంటే నాలుగే వాయించాను."

పిల్లి మెడలో గంట కట్టేదెవరు? చెబితే ఆవిడ వేదికెక్కదు. చెప్పకపోతే నవ్వులపాలవుతుంది. అసలు పాట తెలిసినవాళ్లు హాల్లో ఎవరుంటార్లే అని ధైర్యం చెప్పుకుని, ఆయన పెట్టెను బీరువాలో దుప్పట్ల కింద దాచాడు. వేదిక మీది బల్లకు పరచడానికి మంచి దుప్పటి కావాలని ఆ బీరువా తెరిచింది ఆవిడే.

మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ వచ్చింది. "ఏమండీ, మీ బహుమతి దొరికిపోయింది. ఎంత సంతోషంగా ఉందో! జనం వచ్చి కూర్చునేటప్పుడు అన్నీ వేయమని మైకతనికి ఇచ్చేశాను."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా ఒక పెద్దాయన అక్షరాల పలకకేసి చూస్తూ "మూడో వరుస మసగ్గా ఉంది" అంటున్నాడు. "రేపటికి బాగైపోతుందండీ" అని చెప్పి ఆయన పరుగు తీశాడు.

హాల్లో మైకతను రికార్డులు వరసగా వేస్తున్నాడు. తీగ సరిచేయడానికి అతను వంగగానే, ఆయన ఆ పాట ఉన్న కొత్త రికార్డును లాగి, కోటు లోపల వీపుకి దోపుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ ముందు వరుసలోకి పిలిచింది.

"నిలబడితేనే బాగా వినిపిస్తుందండీ" అని ఆయన కర్రలా వెనక గోడ దగ్గర నిలబడిపోయాడు.

ఆవిడ పాడింది. ముక్క రెండోసారి వచ్చేసరికి పిల్లలు మొహాలు చూసుకున్నారు. మూడోసారికి ఎవరో చప్పట్లు అందుకున్నారు. నాలుగోసారికి హాలంతా ఆవిడతో గొంతు కలిపింది. ఆయన లోకం మరిచిపోయి, కళ్లు మూసుకుని, "ఆహా" అంటూ గోడకు వాలాడు. వీపు వెనక ఫట్‌మంది.

ఇంటికొచ్చాక ఆయన విరిగిన కొత్త రికార్డు ముక్కల్ని బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"గీత సంగతి రికార్డు కొన్న రోజే తెలుసండీ నాకు."

"తెలిసీ నాలుగుసార్లు పాడావా?"

"ఒక్కసారి పాడితే మీరు ఆహా అనరు కదా. వేదిక మీద కాళ్లు వణికిపోతున్నాయి. అది వినబడ్డాకే ధైర్యం వచ్చింది."

ఆయన విరిగిన ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ అడిగాడు.

"మరి చుట్టాలకి నేను అన్ని పాఠాలు చెబుతుంటే..."

"పాపం, వాళ్లకీ తెలుసు."

ఊరందరి చూపూ పరీక్షించే ఆయన గీత పడిన ఆ పాత రికార్డును మొదటిసారి వెలుతురుకి ఎత్తి చూశాడు.