చాటింగు ఫైలుపై దండయాత్ర

భానుడు ఎదురింటి నీళ్లట్యాంకు శిఖరమధిరోహించిన వేళ, ఆరవేసిన దుప్పట్లు జయపతాకలై రెపరెపలాడు మూడవ అంతస్తున, నిరంతరభయతరంగితహృదయ, నిమిషమునకొక ఉపద్రవమును ఊహింపజాలిన ఒకానొక మాతృమూర్తి, జ్వరముతో మూలుగు చిన్నకూతురి నుదుట చేయివేసి, ఇక ప్రళయమే తరువాయి యని నిశ్చయించుకొనెను. ఏలయన, "పోయినసారి ఏ మందు పడలేదో చెప్పండమ్మా, అది తప్పించి వేరేది రాస్తాను" అని వైద్యవర్యుడు ఫోనులో అడుగగా, ఆ పేరు ఆమె నోట రాలేదు. నాడు పిల్లకు దద్దుర్లు లేచినపుడు తన అక్కగారికి చాటింగులో రాసిన మాట మాత్రము నిజము. ఆ చాటింగో, ఐదేండ్ల అక్షరారణ్యము! అదంతయు ఒకే ఫైలుగా దిగి ల్యాప్‌టాపులో కొండచిలువవలె చుట్టుకొని పడియుండెను.

అంతట కాలేజీలో ప్రోగ్రామింగు నేర్చుచున్న పెద్దకూతురు, జడ ముడివేసి, కీబోర్డు కోదండమునెక్కుపెట్టి, చెప్పిన మాటయున్న వరుసలను మాత్రమే ఏరితెచ్చు చిన్న స్క్రిప్టాస్త్రమును "దద్దుర్లు" అను మంత్రముతో ప్రయోగించెను. అస్త్రము రిక్తహస్తములతో మరలివచ్చెను.

"ఒక్క వరుసా లేదమ్మా!"

"ఎలా ఉంటుందే? అలాంటి మాట ఎవరైనా చేత్తో రాస్తారా? మళ్లీ వస్తాయేమోనని 'అవి' అని రాశా."

"అమ్మా తల్లీ! సరే, 'భయం' అని వెతుకుతా."

రెండవ అస్త్రము విడుదలయ్యెను. మరుక్షణము ప్రవాహములై, పరంపరలై, తెర పొడవునా వరుసలు పోటెత్తెను.

"దాదాపు ఫైలంతా వచ్చేసిందమ్మా. నువ్వు భయపడని రోజే లేదు!"

చిన్నది మరల మూలిగెను. ఆ మూలుగు విన్నంతనే మాతృమూర్తి గరిటె గదాదండముగా పైకెత్తి, గోడలదరునట్లు గర్జించెను:

"ఓసి పిచ్చిదానా, ఆగు! ఒంటి మీద అవి లేవగానే నేనేం చేశాను? సీసా మొత్తం సింకులో పారబోశా! 'పారబోశా' అని కొట్టు!"

మూడవ అస్త్రము మూడే వరుసలను బందీలుగా తెచ్చెను.

"పాలు కొంచెం తేడాగా అనిపిస్తే పారబోశానక్కా."

"పైనుంచి బల్లి చూసిందని కూర పారబోశానక్కా."

"ఆ అమాక్సిసిలినో ఏదో చిన్నదానికి పడలేదక్కా, సీసా పారబోశా."

మూడవ వరుస వాయువేగమున వైద్యవర్యుని చేరెను. "సరే. వేరేది రాశాను" అని ప్రత్యుత్తరము, వెంటనే మందుచీటీయు వచ్చెను.

"ఒట్టి 'సరే' అన్నారేంటే? కోపమొచ్చిందంటావా?"

"అమ్మా, నువ్వు ముందు మందులషాపుకెళ్లు!"

అట్లు, అపారాక్షరసైన్యమును చీల్చి చెండాడి, అందుండి ఒకే ఒక్క వరుసను చెరవిడిపించిన ఆ వీరమాత, దిగ్విజయదీప్తవదనయై, చెప్పులు కుడియెడమలు మార్చి తొడుగుకొని, మెట్లు దిగెను.